ఊటకు తలుపు

కలబోతకు వచ్చేవాళ్ళలో ఎప్పుడు చూసినా ఇద్దరు ముగ్గురు మాట్లాడనివాళ్ళు ఉండేవారు. పలకరిస్తే తల ఊపి నవ్వుతారు, అంతే. కొత్తగా వచ్చినవాళ్ళు గర్వమేమో అనుకునేవారు. కాసేపటికి పక్కన కూర్చున్నవాళ్ళు నెమ్మదిగా చెప్పేవారు, "వాళ్ళు గొంతు ఇచ్చారండీ. నాలుగైదు రోజులు అలాగే ఉంటారు," అని. మొదటి టీ గ్లాసు వాళ్ళకే వెళ్ళేది.

విశాఖపట్నంలో, అల్లిపురం దగ్గర మూతబడ్డ ఒక అచ్చాఫీసు మేడమీద నెలకో ఆదివారం జరిగేది కలబోత. ఇంజనీర్లు, కాలేజీ పిల్లలు, రేడియోలు బాగుచేసేవాళ్ళు, టైలర్లు, ఆస్పత్రి నర్సులు, ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి బల్లమీద పెట్టేవారు. ఒకరు సగం చేసినదాన్ని ఇంకొకరు పట్టుకెళ్ళి పూర్తిచేసేవారు. అలా పుట్టిందే గొంతుపట్టీ.

చూడటానికి అది మెడకు చుట్టే చిన్న గుడ్డపట్టీ. జబ్బుచేసి స్వరపేటిక తీసేసినవాళ్ళు మెడకు కట్టుకుని, శబ్దం లేకుండా పెదవులు కదిపితే చాలు. మెడలోని కండరాల కదలికను బట్టి మాట పోల్చుకుని పట్టీ పైకి పలుకుతుంది. పోల్చుకోవడం దానికి ఎవరో నేర్పాలి. నేర్పడమంటే గొంతు బాగున్న మనిషి ఆ పట్టీ కట్టుకుని కుర్చీలో కూర్చుని గంటకు పైగా మాట్లాడాలి. పట్టీ ప్రతి కండరాన్నీ చిన్న కరెంటుతో తడిమి తెలుసుకుంటుంది. ఆ తడమడంతో గొంతు మొద్దుబారి కొన్నాళ్ళపాటు మాట పెగలదు. అలా ఇచ్చిన గొంతులన్నీ వెళ్ళి చేరేచోటికి ఊట అని పేరు పెట్టారు. ఏ ఊళ్ళో ఎవరు పట్టీ కుట్టుకున్నా ఊటలోంచి మాట తోడుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.

ఊటను మొదలుపెట్టింది పైడిరత్నం, ఫణీంద్ర. ఇద్దరూ ఒకే కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదువుకున్నారు. మొదటి పట్టీ రత్నం కుట్టింది, మొదటి గొంతు ఫణి ఇచ్చాడు. ఆ వారం అతను కాగితం మీద రాసి కూరల బండివాడితో బేరమాడిన సంగతి చెప్పుకుని కలబోతంతా నవ్వేవారు. తరవాత ఫణికి స్వరిత అనే కంపెనీలో ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నదానికి ఇద్దరిలో ఎవరూ పేరు పెట్టలేదు గనక, అది తెగిపోయిందని కూడా ఎవరూ పైకి అనలేదు.

ఇన్నాళ్ళూ రత్నం పరాయివాళ్ళ మెడలకే పట్టీలు కట్టింది. ఆ వేసవిలో తన తల్లికే కట్టాల్సి వచ్చింది.

రత్నం తల్లి సన్యాసమ్మది గజపతినగరం దగ్గర పల్లె. చిన్నప్పటినుంచీ అడ్డపొగ అలవాటు, అంటే చుట్టను నిప్పున్నవైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. గొంతులో పుండు లేచింది, ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు. గాయం మానాక, ఒకనాటి పొద్దున వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి రత్నం తల్లి మెడకు పట్టీ కట్టింది. సన్యాసమ్మ పొయ్యివైపు చూసి గబగబా పెదవులు కదిపింది.

"అమ్మాయీ, పాలు పొంగుతున్నాయి. దయచేసి లేచి చూడు," అంది పట్టీ.

సన్యాసమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. వెనక ఎవరూ లేరు. కూతురివైపు చూసి మళ్ళీ పెదవులు కదిపింది.

"ఆ స్త్రీ ఎవరు?" అంది పట్టీ.

రత్నానికి తల్లి పెదవుల మీద అసలు మాట కనిపిస్తూనే ఉంది. 'ఎవుర్తే ఆ మడిసి?' అంటోంది అమ్మ. రత్నానికి నవ్వొచ్చింది, అంతలోనే సంగతి అర్థమైంది. ఊటలో ఉన్నవన్నీ చదువుకున్నవాళ్ళ గొంతులు. అమ్మ మెడలో కండరం ఆడే తీరు దానికి కొత్త. సగం పోల్చుకుంటుంది, మిగతా సగం తనకు తెలిసిన మాటతో పూరిస్తుంది. సన్యాసమ్మ పట్టీ విప్పి, చచ్చిన పురుగును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని గట్టుమీద పెట్టింది. మళ్ళీ కట్టుకోనంది.

డాక్టరు మాత్రం తొందర పెట్టాడు. "మాట వాడకపోతే ఆ కండరాలు మాటను మర్చిపోతాయమ్మా. మర్చిపోయాక ఏ పట్టీ పనిచెయ్యదు. ఈ వానలు వెళ్ళేలోపు ఆవిడ చేత మాట్లాడించండి."

రత్నం ముందు తన గొంతే ఇచ్చింది. అమ్మలా మాట్లాడదామని కుర్చీలో కూర్చుంటే ఆ మాట నోటికి రాలేదు. క్లాసురూముల్లో, ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి అరిగి ఎప్పుడు పోయిందో పోయింది. తరవాత చేపల బజారులో, పూల దుకాణాల దగ్గర, అమ్మ వయసు ఆడవాళ్ళను బతిమాలింది. "మాది మొరటు మాటమ్మా. మిసనీలో ఎడితే నోకం నవ్విపోద్ది," అన్నారు వాళ్ళు. "వారం దినాలు నోరు పడిపోతే మా సరుకు ఎవుడు కేకేసి అమ్ముతాడు?" అన్నారు ఇంకొందరు. రత్నం ఖాళీ చేతులతో తిరిగొచ్చింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఫణి ఆమె పనిచేసే కాలేజీ ల్యాబుకు వచ్చాడు. జుట్టు కాస్త పలచబడింది. స్టూలు లాక్కుని పాత చోటే కూర్చున్నాడు.

"అత్తకు ఎలా ఉంది?"

"తింటోంది, తిరుగుతోంది. మాటే లేదు."

"మా పట్టీతో మాట్లాడుతుంది రత్నం. ఆవిడ మాటే, ఆవిడ యాసే. శ్రీకాకుళం నుంచి ఇక్కడిదాకా ఆస్పత్రి క్యాంపుల్లో బోలెడన్ని గొంతులు తీసుకున్నాం."

"తీసుకుని ఊటలో ఎందుకు పొయ్యలేదు?"

అతను నవ్వాడు. "అదే అడగడానికి వచ్చాను. ఈసారి కలబోత వార్షిక సమావేశం ఖర్చంతా స్వరిత పెట్టుకుంటుంది. బీచ్‌రోడ్డు హోటల్లో. ఊటను మా చేతికివ్వండి. పట్టీలు మేం చేస్తాం, ఆస్పత్రులకు మేం చేరుస్తాం. బయటివాళ్ళు తోడుకోవాలంటే మా అనుమతి తీసుకుంటారు, అంతే."

"అంతేనా? తలుపు పెట్టి తాళం మీ దగ్గరుంచుకోవడం అంతేనా?"

"చేత్తో పట్టీలు కుట్టుకుంటూ కూర్చుంటే ఎంతమందికి అందుతుంది చెప్పు. వార్డులో మూగగా పడున్నవాళ్ళు నీకు కనబడటం లేదా?"

కనబడుతూనే ఉన్నారు. రత్నం టంకం వేసే కడ్డీని స్టాండులో పెట్టింది.

"నిన్ను ఔననమనడం లేదు," అన్నాడు ఫణి లేస్తూ. "అత్తను తీసుకురా. మా పట్టీతో స్టేజీ మీద రెండు మాటలు మాట్లాడనీ. ఊట మాకొస్తే ఆ పట్టీ ఆవిడదే."

రాకపోతే ఆ పట్టీ ఎవరిదో అతను చెప్పలేదు, రత్నం అడగలేదు.

సమావేశం రోజున హోటల్ హాలు కిటకిటలాడింది. ఎప్పుడూ కలబోతకు రానివాళ్ళు వందలమంది వచ్చారు. స్వరిత పేరున్న టీషర్టులు, సంచులు, బిర్యానీ పొట్లాలు పంచుతున్నారు. ఉద్యోగాల కోసం బయోడేటాలు పట్టుకుని కుర్రాళ్ళు వరస కట్టారు. బయట చల్లటి వ్యానుల్లో గొంతు ఇచ్చే కుర్చీలు వేశారు. వార్షిక సమావేశం పొద్దున గొంతు ఇవ్వడం కలబోతలో పాతవాళ్ళకు ఆనవాయితీ. కలబోత పెద్ద ధర్మారావు మాస్టారు, రేడియో స్టేషన్లో పనిచేసి రిటైరైన మనిషి, ఎప్పటిలాగే మొదటి కుర్చీలో కూర్చున్నాడు. రత్నం రెండోదాంట్లో కూర్చుంది. పాతవాళ్ళందరూ ఒకరి తరవాత ఒకరు ఇచ్చి, గొంతు మొద్దుబారి, నవ్వుకుంటూ బయటికి వచ్చారు. టీషర్టుల కోసం వచ్చినవాళ్ళు ఆ వ్యానులవైపు పోలేదు.

ఆ వేళకు సన్యాసమ్మ మెడకు స్వరిత పట్టీ కట్టారు. రత్నం తిరిగొచ్చేసరికి తల్లి టీ బల్ల దగ్గర నిలబడి, టీ పోసే అప్పలకొండ అనే ఆమెతో మాట్లాడుతోంది. మాట్లాడుతోంది. ఆ గొంతు కొంచెం బొంగురుగా, కొంచెం సాగదీస్తూ, అచ్చం ఆమెదే.

"...దానికి నానేటన్నానంటే, ఒలే, నీ కోడలు కూడొండకపోతే నీకు సేతుల్నేవేటే, నువ్వొండు, దాని ముందెట్టు, అప్పుడు సూడు అదేటంటదో..."

అప్పలకొండ నవ్వుతూ గ్లాసులు నింపుతోంది. రత్నం గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంది. ఏమైనా సరే, ఊట పోతే పోనీ, ఇది చాలు అనుకుంది ఆ క్షణాన.

"...అదేటంటదో తెల్దా, నాకయితే మా యత్త..." అంటూండగా మాట తెగింది. సన్యాసమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. శబ్దం లేదు. పట్టీని తడుముకుంది.

"ఛార్జింగ్ అయిపోతుందత్తా. మిగతాది స్టేజీ మీద," అన్నాడు ఫణి వెనకనుంచి, ఫోను మీద వేలు నొక్కి జేబులో పెట్టుకుంటూ.

సన్యాసమ్మ ఆ జేబువైపు చూసింది. సగం కథలో నిలిచిపోయిన అప్పలకొండ, గ్లాసు పట్టుకుని ఎదురుచూసి, చివరికి వేరేవాళ్ళకు టీ పోయడానికి వెళ్ళింది.

మధ్యాహ్నం స్టేజీ మీద బెంగుళూరు నుంచి వచ్చిన పెద్దాయన మాట్లాడాడు, తెర మీద బొమ్మలు చూపించారు. తరవాత యాంకరమ్మాయి సన్యాసమ్మను చెయ్యిపట్టి తీసుకొచ్చింది. ఫణి ఫోను నొక్కాడు.

"నమస్కారం బాబూ. నా పేరు సన్యాసమ్మ. మాది గజపతినగరం కాడ. నాకు గొంతు తీసీసినారు, అయినా మాటాడతన్నాను, ఇంటన్నారా?"

హాలంతా చప్పట్లు. గోడ పక్కన ట్రేలు పట్టుకున్న హోటల్ పనివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"అమ్మగారి మాట విన్నాం," అంది యాంకరమ్మాయి. "ఇప్పుడు కలబోత నియమం ప్రకారం అడుగుతున్నాను. ఊటను స్వరితకు అప్పగించాలని ప్రతిపాదన. హాల్లో ఉన్నవాళ్ళలో ఎవరికైనా అభ్యంతరముంటే నోటితో చెప్పండి. ఒక్కరు కాదన్నా ప్రతిపాదన ఆగిపోతుంది."

అప్పుడు తట్టింది రత్నానికి.

కలబోతలో చేతులెత్తడం, చీటీలు రాయడం చెల్లవు. గొంతు పోయినవాళ్ళ కోసం చేసే పనిని గొంతుతోనే తేల్చాలని తొలినాళ్ళలో పెట్టుకున్న నియమం. ఆ మాట మొదట అన్నది ఫణి. ఇలాంటివి ఎప్పుడూ నెలవారీ కలబోతలోనే అడిగేవారు. ఈసారి పొద్దున గొంతులు ఇచ్చే కార్యక్రమం, మధ్యాహ్నం ఈ ప్రశ్న. కాదనేవాళ్ళందరూ పొద్దున్నే గొంతులు ఇచ్చేసి కూర్చున్నారు. మొద్దుబారిన గొంతును ఏ పట్టీ పోల్చుకోలేదు. నోరున్నవాళ్ళు ఒళ్ళో సంచులు పెట్టుకుని బిర్యానీ పొట్లాల వాసన చూస్తున్నారు.

ధర్మారావు మాస్టారు లేచి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"మాటగా చెప్పాలి మాస్టారూ," అంది యాంకరమ్మాయి వినయంగా. "మీరు పెట్టుకున్న నియమమే కదండీ."

ఆయన నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన వెనక ఇంకొకరు లేచారు, ఇంకా వెనక ఇంకొందరు. చేతులూపుతూ నిలబడ్డ ఆ గుంపును చూసి ముందు వరసల్లో కుర్రాళ్ళు నవ్వారు. రత్నం ఫణివైపు చూసింది. అతను తలెత్తలేదు.

ఆ హాల్లో ఊట సంగతి తెలిసి, నోరుండి, కాదనగల మనిషి ఒక్కతే ఉంది. ఆమె స్టేజీ మీద నిలబడి తననే చూస్తోంది. ఆపరేషను తరవాత ఇన్ని నెలలూ పెదవుల మీదే బతికిన మనిషి. రత్నం పెదవులు కదిపితే చాలు, చదివేస్తుంది. 'కాదను అమ్మా' అంటే అనేస్తుంది. అన్నాక ఆ పట్టీ ఊడదీసేస్తారు. వానలు సగం వెళ్ళిపోయాయి.

రత్నం అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. అడగకూడదు. ఇది మాత్రం అమ్మను అడగకూడదు.

"ఎవరికీ అభ్యంతరం లేనట్టే..." అంటోంది యాంకరమ్మాయి.

"నాకున్నాది," అంది సన్యాసమ్మ.

మైకు ఆమె ముందే ఉంది. హాలు సద్దుమణిగింది.

"పొద్దుట టీ కాడ ఆ అప్పలకొండతో కస్టం సుకం మాటాడుకుంటన్నాను. సగంలో నా మాట ఆగిపోనాది. ఈ ఫణిబావు పోన్లో నొక్కి ఆపీసినాడు. ఆడు సెడ్డోడు కాదు. మా ఇంట కూడు తిన్నోడే. కానీ నా మాట ఆడి జేబులో ఉన్నాది. ఒకపాలి రోగమొచ్చి ఎల్లిపోనాది నా మాట. మల్లీ ఎవుడి జేబులోకో ఎల్తానంటే నానొప్పను."

ముందు వరసలో పెద్దాయన ఫణివైపు తిరిగి రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు. ఫణి చేతిలో ఫోను ఉంది. వేలు దానిమీదే ఉంది. అతను ఫోనును తిరగేసి మోకాలి మీద పెట్టి, దానిమీద అరచెయ్యి కప్పాడు.

"ఈల్లంతా ఎవుల కోసమో గొంతులిచ్చీసి మూగోల్లయి నిలబడ్డారు," అంది సన్యాసమ్మ. "ఈల్లకి నోరు నేదని సూసి అడుగుతన్నారు. అదేటి నాయం? ఈల్ల తరపున నాను సెప్తన్నాను. ఆ ఊటకి తలుపెట్టొద్దు. నాను కాదంటన్నాను. అంతే బాబూ."

మొదట చప్పుడు చేసినవాళ్ళు గోడ పక్కన ఉన్నవాళ్ళు. ఎవరో ట్రే మీద గరిటెతో కొట్టారు. మూగగా నిలబడ్డవాళ్ళు కుర్చీల వీపులు చరిచారు, కాళ్ళు నేలకు తాటించారు. నవ్విన కుర్రాళ్ళలో కొందరు లేచి, "మాకూ అభ్యంతరం ఉందండీ," అన్నారు, ఆలస్యంగానైనా. యాంకరమ్మాయి కాగితం మడిచి, "ప్రతిపాదన ఆగిపోయింది," అని చెప్పక తప్పలేదు. ధర్మారావు మాస్టారు స్టేజీ ఎక్కి సన్యాసమ్మకు దణ్ణం పెట్టాడు. "ఒగ్గీ బావూ, పెద్దోడివి," అంది ఆవిడ, ఆయన చేతులు పట్టుకుని ఆపుతూ.

సాయంత్రం కంపెనీ ఉద్యోగి ఒకడు వచ్చి మర్యాదగానే ఆమె మెడకున్న పట్టీ విప్పుకుని పెట్టెలో పెట్టుకున్నాడు. తల్లీకూతుళ్ళు ఆటోలో ఇంటికి వచ్చారు. ఇద్దరికీ మాట లేదు. సన్యాసమ్మ మాత్రం దారిపొడవునా కూతురి మోకాలు తడుతూనే ఉంది.

రత్నం గొంతు తెరుచుకున్నాక వచ్చిన ఆదివారం అచ్చాఫీసు మేడ తాళం తీద్దామని వెళ్తే, మెట్ల మీద అప్పలకొండ కూర్చుని ఉంది. ఆమె వెనక హోటల్లో అంట్లు తోమే ఇద్దరు ఆడపిల్లలు, పక్కలు సర్దే ఒకామె, లిఫ్టు దగ్గర కూర్చునే ముసలాయన.

"మైకులో మా మాట ఇన్నామమ్మా," అంది అప్పలకొండ. "అంతమంది పెద్దోల్లున్నారు. ఒక్కడు నవ్వితే ఒట్టు."

"గొంతు ఇస్తే నాలుగైదు రోజులు మాట రాదు. మీ పనో?"

"ఒకలి మాట ఒకలం ఆడతాం. ఈ వారం నానిస్తాను, పై వారం ఈ గుంట ఇస్తాది. టీ పొయ్యడానికి నోరెందుకేటి?"

కుర్చీలో కూర్చుని అప్పలకొండ తన కోడలి కథ మొత్తం చెప్పింది. ఆ తరవాతి ఆదివారం చేపల బజారువాళ్ళు వచ్చారు. నోరు లేనివాళ్ళ గంపల ముందు నోరున్నవాళ్ళు కూర్చుని కేకలేస్తున్నారని విని రత్నం వెళ్ళి చూసింది. నిజమే. ఒక్కొక్క గొంతూ ఊటలో చేరుతుంటే అమ్మ పట్టీ ఒక్కొక్క పలుకూ దిద్దుకుంది. దయచేసి అనడం మానేసింది. ఏటి అనడం నేర్చింది. ఇంకా కొన్ని మాటల దగ్గర తడబడుతూనే ఉంది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఫణి అచ్చాఫీసు మేడకు వచ్చాడు. ఉద్యోగం మానలేదు. స్వరిత తన గొంతులు ఊటలో పోస్తుందన్న కబురేమీ తేలేదు. ఆ సంగతులు రత్నం అడగలేదు. అతను గుమ్మంలో చెప్పులు విడిచి, "కుర్చీ ఖాళీగా ఉందా?" అన్నాడు. అతని సొంతూరు పార్వతీపురం. బడికి వెళ్ళేవరకు అమ్మమ్మ దగ్గర పెరిగాడు.

పట్టీ కడుతూ రత్నం అంది, "ఆఫీసు మాట వద్దు. మీ అమ్మమ్మతో ఎలా మాట్లాడేవాడివో అలా."

ఫణి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. తరవాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. "ఒలే అమ్మమ్మా, ఆకలేస్తన్నాదే..." అంటూ. కాస్త దూరం వెళ్ళేసరికి అతని గొంతు మారిపోయింది. కళ్ళు మూసుకుని చెప్పుకుపోయాడు, ఎప్పుడో పోయిన మనిషితో, ఎన్నడూ చెప్పనివన్నీ. రత్నం కిటికీ దగ్గరికి వెళ్ళి వీపు తిప్పి నిలబడింది.

అతను కుర్చీలోంచి లేచేసరికి మాట పోయింది. బెంగుళూరు రైలుకు వేళైందని గడియారం చూపించి, రత్నానికి ఏదో చెప్పబోయి, చెప్పలేక ఆమె చెయ్యి ఒకసారి నొక్కి, మెట్లు దిగాడు.

అంతసేపూ మూల కూర్చుని విన్న సన్యాసమ్మ, కూతురి దగ్గరున్న పట్టీ లాక్కుని మెడకు కట్టుకుంది. పాతదే, రత్నం కుట్టినదే. సౌండు పూర్తిగా పెంచి కిటికీలోంచి వంగింది. ఎక్కడా తడబడని గొంతు. అందులో అప్పలకొండ సాగదీత ఉంది, చేపల బజారు గరుకుదనం ఉంది, ఇప్పుడు పార్వతీపురం కూడా ఉంది. అయినా అది మొత్తంగా సన్యాసమ్మదే.

"ఒరే ఫణిబావూ, ఆగేటి. కూడైనా తినకుండా ఎల్లిపోతన్నావేట్రా? బండిలో గుమ్మం కాడ నిలబడకు. బేగి తిరిగిరా, నా కూతురు నోరిప్పి సెప్పదు, అందుకే నాను సెప్తన్నాను, ఇంటన్నావా..."

వీధిలో జనం తలలెత్తి చూశారు. ఫణి ఆటో ఎక్కబోతూ ఆగి, రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. ఆటో కదిలింది. మలుపు తిరిగింది. మలుపు తిరిగాక కూడా సన్యాసమ్మ ఆపలేదు. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది, ఆపేవాళ్ళెవరూ లేరు.